మూత్రపరీక్షతో క్యాన్సర్ ముందే తెలిసిపోతుందా?

ప్రశ్న: నా వయసు 43. కూకట్‌పల్లిలో ఉంటాం. నాన్నకు 56వ ఏట పెద్దపేగు క్యాన్సర్ బయటపడింది, రెండేళ్లకే పోయారు. నాకు ఏ బాధా లేదు. ఆఫీసులో పెట్టిన హెల్త్ క్యాంపులో, మూత్రంలో ‘మాడిఫైడ్ న్యూక్లియోసైడ్లు’ చూసి ఏ క్యాన్సరైనా ముందే చెప్పేస్తామన్నారు. చేయించుకోమంటారా?
– ఒక పాఠకుడు, హైదరాబాద్

జవాబు: వద్దండి. మీకు కావాల్సింది కొలనోస్కోపీ, అంటే మలద్వారం గుండా సన్నటి కెమెరా గొట్టం పంపి పెద్దపేగు లోపల చూసే పరీక్ష. అది కూడా ఇప్పటికే మూడేళ్లు ఆలస్యమైంది.

క్యాంపువాళ్లు చెప్పింది ఉత్త కల్పన కాదు. కణంలో ప్రోటీన్ల తయారీకి ఆర్ఎన్ఏ కావాలి. అది తయారయ్యాక కణం దానికి అక్కడక్కడా చిన్న మార్పులు చేస్తుంది. ఆర్ఎన్ఏలోని యూరిడిన్ అనే ముక్కను సూడోయూరిడిన్‌గా మార్చడం అలాంటిదే. (కొవిడ్ ఎంఆర్ఎన్ఏ టీకాల్లో వాడింది దీనికి దగ్గరి చుట్టం. ఆ పరిశోధనకే 2023లో నోబెల్ వచ్చింది.) ఆర్ఎన్ఏ విరిగిపోయినప్పుడు మామూలు ముక్కల్ని కణం మళ్లీ వాడుకుంటుంది. మార్పు జరిగినవి, అంటే క్యాంపువాళ్లు చెప్పిన ‘మాడిఫైడ్ న్యూక్లియోసైడ్లు’ మాత్రం పనికిరాక మూత్రంలో పోతాయి. క్యాన్సర్ కణాల్లో ఆర్ఎన్ఏ తయారవడం, విరిగిపోవడం రెండూ జోరుగా సాగుతాయి కాబట్టి కొందరు రోగుల్లో ఇవి పెరుగుతాయి. 1970ల నుంచీ దీనిమీద పరిశోధనలు జరుగుతున్నాయి.

చిక్కేమిటంటే, ఇన్‌ఫెక్షన్ వచ్చినా, ఒంట్లో ఎక్కడైనా వాపు ఉన్నా ఇవి పెరగొచ్చు. పెరిగాయని తేలినా ఏ అవయవం వల్లో చెప్పవు. గడ్డ చిన్నగా ఉన్నప్పుడు అసలు పెరగకపోవచ్చు. వందమంది ఆరోగ్యవంతుల్లో ఐదుగురికి పొరపాటున ‘ఎక్కువ’ అని చూపే పరీక్ష అనుకోండి. వెయ్యిమందికి చేస్తే యాభైమంది ఉత్తపుణ్యానికి స్కానింగుల చుట్టూ తిరగాలి, నిద్రలేని రాత్రులు గడపాలి. నన్ను ఇంకా భయపెట్టేది రెండో సంగతి: రిపోర్టు ‘నార్మల్’ అని వస్తే మీరు నిశ్చింతగా కూర్చుంటారు, పేగులో పాలిప్ (ముందుముందు క్యాన్సర్‌గా మారగల చిన్న కండ) మాత్రం పెరుగుతూనే ఉంటుంది.

తల్లిదండ్రుల్లోగానీ తోబుట్టువుల్లోగానీ ఒకరికి 60 ఏళ్లలోపు పెద్దపేగు క్యాన్సర్ వస్తే, మిగతావాళ్లు 40వ ఏటనో, వాళ్లకు బయటపడిన వయసుకు పదేళ్ల ముందో, ఏది ముందైతే అప్పుడు కొలనోస్కోపీ చేయించుకోవాలి. మీ నాన్నగారి లెక్కన 46 వస్తుంది, కాబట్టి మీకు 40నే లెక్క. నిమ్స్‌లోగానీ, మీకు దగ్గర్లోగానీ గ్యాస్ట్రోఎంటరాలజిస్టును కలవండి. ముందురోజు విరేచనాల మందు తాగి పేగు ఖాళీ చేసుకోవడమే కాస్త ఇబ్బంది. పరీక్షప్పుడు మత్తు ఇస్తారు. రక్తం పలచబరిచే మాత్రలుగానీ షుగరు మందులుగానీ వాడుతుంటే ముందే చెప్పండి. పాలిప్ కనిపిస్తే చాలావరకు అక్కడికక్కడే తీసేస్తారు, అంటే క్యాన్సర్ కాకముందే. ఏమీ లేకపోతే మళ్లీ ఐదేళ్లకు.

ఈలోగా మలంలో రక్తం కనిపించినా, విరేచనం తీరు మారి వారాలు గడిచినా, కారణం లేకుండా రక్తం తగ్గినా అపాయింట్‌మెంట్ తేదీ దాకా ఆగకండి. మీ అన్నదమ్ములకూ అక్కచెల్లెళ్లకూ ఇదే వర్తిస్తుంది. ఈ రాత్రే వాళ్లకు ఫోన్ చేసి చెప్పండి.