తెరిపిచ్చే దాకా ఆగు

అమ్మడూ,

నీ మెసేజ్ చూశాను. వచ్చే శని ఆదివారాలు ఫ్రెండ్స్‌తో మారేడుమిల్లి వెళ్తున్నాం మావయ్యా, పిట్టల్ని చూడ్డానికి, వానలంటున్నారు పర్లేదా అని. నీకంటే ముందే మీ అమ్మ ఫోన్ చేసింది, నువ్వన్నా వద్దని చెప్పన్నయ్యా నా మాట వినట్లేదు అని. ముప్పై ఏళ్ళ నుంచీ ఆ కొండల్లో తడుస్తున్నవాణ్ణి, ఏ మొహం పెట్టుకుని వద్దంటాను చెప్పు. వెళ్ళు. కాకపోతే ఎండాకాలం వెళ్ళినట్టు వెళ్తే మాత్రం తడిసి ముద్దయి, పట్టుమని పది పిట్టలు కూడా చూడకుండా, బొంగులో చికెన్ తినేసి వచ్చేస్తారు.

ముందు ఏ వానో చూసుకో. బంగాళాఖాతంలో అల్పపీడనం, భారీ వర్షాలు అని టీవీలో చెప్తుంటే ట్రిప్పు వాయిదా వేసెయ్యండి, రూమ్ అడ్వాన్స్ పోతే పోయింది. ఈదురుగాలి ఉన్నా అంతే. ఆకు కదిలిందో పిట్ట కదిలిందో తెలీదు, పైగా ఎండువెదుళ్ళూ పుచ్చుకొమ్మలూ నెత్తిమీద పడతాయి. రోజంతా వదలకుండా ముసురు పడితే ప్రమాదం ఏం లేదుగానీ విసుగు. మనకి కావాల్సింది ఓ గంట దంచికొట్టి కాసేపు తెరిపిచ్చి మళ్ళీ మొదలయ్యే వాన. ఆ తెరిపిలోనే ఉంది అంతా.

వాన పడేటప్పుడు అడవిలో తిరగడం శుద్ధ దండగ. పురుగులు ఆకుల కిందకి పోతాయి, పిట్టలు రెక్కలు ముడుచుకుని కొమ్మల్లో కూర్చుంటాయి, చప్పుడుకి ఏ కూతా వినపడదు. కానీ అవి కూడా ఆకలితోనే కదా కూర్చునేది, అందుకని వాన వెలిసిన మొదటి అరగంటలో ఒక్కసారిగా బయటపడతాయి. మామూలు రోజు పొద్దుట్నుంచి మధ్యాహ్నం దాకా తిరిగినా కనపడనన్ని ఆ అరగంటలో ఒకే చెట్టు మీద కనపడిన రోజులున్నాయి నాకు. ముందు రాకెట్ టెయిల్డ్ డ్రోంగో వస్తుంది, తోక చివర రెండు తీగలకి బిళ్ళలు వేలాడుతుంటాయే, అదే. ఒళ్ళు విదిలించుకుని నాలుగు రకాల కూతలు కూస్తుంది, వాటిలో రెండు వేరే పిట్టల దగ్గర కొట్టేసినవే. దాని వెనకాలే ఎర్రగా మినివెట్లు, కాండం మీద తలకిందులుగా దిగే నట్‌హాచ్, వడ్రంగిపిట్ట, కింద పొదల్లో బాబ్లర్ల గోల, అన్నీ కలిసి ఓ ఊరేగింపులా చెట్టు నుంచి చెట్టుకి పోతాయి. ఇక పుట్టల్లోంచి ఉసిళ్ళు లేచాయనుకో, పెళ్ళిభోజనమే.

అందుకని అడవి లోపలికి చొచ్చుకుపోకండి. రోడ్డు పక్కన కాస్త ఖాళీ ఉండి, ఎదురుగా రెండు మూడు ఎత్తైన చెట్లు కనపడే చోటు చూసుకుని కారులోనో ఏదైనా చూరు కిందో కూర్చోండి. వాన తగ్గుతుండగానే బయటికొచ్చి ముందు మోడుకొమ్మలు చూడు, జెముడుకాకి రెక్కలు విప్పి ఆరబెట్టుకుంటూ ఉంటుంది. పాములగద్ద కూడా అంతే, మామూలప్పుడు ఆకాశంలో చుక్కలా కనపడేది, పైకి లేపే వేడిగాలి ఉండదు కాబట్టి తడిసిన కోడిలా కొమ్మ మీద కూర్చుని మనకేసే చూస్తుంటుంది.

పొద్దున్నే, మళ్ళీ సాయంత్రం చీకటి పడే ముందు మాత్రం చెవి పెట్టి విను. వ్వీట్-ట్యూ అని రెండు ముక్కల ఈల వినిపిస్తే అది పొన్నంగి పిట్ట, ఇంగ్లీషులో ఇండియన్ పిట్టా. ఆ ఇంగ్లీషు పేరులోని పిట్టా మన తెలుగు పిట్టే తెలుసా, తెల్లవాళ్ళు ఇక్కణ్ణుంచి పట్టుకెళ్ళి ఆ జాతి మొత్తానికీ అదే పేరు పెట్టుకున్నారు. తమిళవాళ్ళైతే దాన్ని ఆరుగంటల పిట్ట అంటారు, పొద్దున ఆరింటికీ సాయంత్రం ఆరింటికీ కూస్తుందని. ఎన్ని రంగులున్నా నేలమీద కుళ్ళిన ఆకుల్లో గెంతుతూ ఉంటుంది కాబట్టి పైకి చూసేవాళ్ళకి ఎప్పటికీ కనపడదు. ఇంకో మాట, ఫోన్‌లో దాని కూత ప్లే చేసి రప్పించొద్దు. అది గూడు కట్టుకునేది వానాకాలంలోనే, ఇంకో మగపిట్ట వచ్చిందనుకుని పని మానేసి నీ ఫోన్‌తో కొట్లాటకొస్తుంది. ఫొటో కోసం ఆ పాడుపని చేసేవాళ్ళని నేను కారులోంచి దింపేసిన సందర్భాలున్నాయి.

బైనాక్యులర్ నాదే పట్టుకెళ్ళు, 8x42, అంటే ఎనిమిది రెట్లు దగ్గరగా చూపిస్తుంది, ముందు అద్దం వెడల్పు 42 మిల్లీమీటర్లు. మీ ఫ్రెండ్ దగ్గర 10x42 ఉందన్నావు, మబ్బు పట్టిన అడవిలో దానికంటే నాదే నయం. 42ని 8తో భాగిస్తే అయిదు మిల్లీమీటర్ల పైచిలుకు, 10తో భాగిస్తే నాలుగు చిల్లర, కంట్లోకి వెలుతురు వచ్చే గుండ్రం వెడల్పులో తేడా అదన్నమాట. దాన్ని ఏసీ కారులో ఒళ్ళో పెట్టుకుని మాత్రం కూర్చోకు. ఓసారి నేను అలాగే చేశాను. ఘాట్ రోడ్డులో కారు ఆపి దిగాను, వెదురుపొదలో పదిహేను అడుగుల దూరంలో మలబార్ ట్రోగన్, మగది, ఎర్రటి పొట్ట అటు తిప్పి ఇటు తిప్పి చూపిస్తోంది. బైనాక్యులర్ ఎత్తితే అద్దాలన్నీ ఆవిరి. పాలల్లో కుంకం కలిపినట్టు ఏదో ఎర్రగా మసక. కంగారులో చొక్కా చెంగుతో తుడిచాను, ఆ చొక్కా తడి, ఇంకా అలికినట్టయింది. తలెత్తేసరికి కొమ్మ ఊగుతోంది అంతే. అందుకే చెప్తున్నా, కొండ ఎక్కకముందే ఏసీ కట్టేసి అద్దాలు దించేయండి, లేదా బైనాక్యులర్ బ్యాగులోనే ఉంచి బయటికొచ్చాక ఓ అరగంట దాని మానాన దాన్ని వదిలెయ్. తుడవడానికి పొడిబట్ట జిప్ కవర్లో విడిగా పెట్టుకో.

రెయిన్‌కోటు కన్నా గొడుగు మేలు. కోటు వేసుకుని నడిస్తే బరబరా చప్పుడు, లోపల చెమట, టోపీ చెవుల మీదకొస్తే కూతలు వినపడవు. నోట్‌బుక్‌లో పెన్సిల్‌తో రాయి, పెన్నైతే సిరా కారిపోతుంది, తడివేళ్ళకి ఫోన్ స్క్రీన్ పలకదు. కూత విని ఏ పిట్టో చెప్పే మెర్లిన్ యాప్ కావాలంటే రాజమండ్రిలోనే డౌన్‌లోడ్ చేసుకోండి, పైన సిగ్నల్ నమ్ముకోవద్దు.

జలగలుంటాయి, ఫ్యాంటు అంచులు సాక్సుల్లోకి దోపుకోండి. పట్టుకుంటే కంగారుపడి పీకొద్దు, గోరుతో నోటి దగ్గర పక్కకి తోసెయ్, కాసేపు రక్తం కారుతుంది, ఏం కాదు. వెదురుకొమ్మ మీద చెయ్యి వేసేముందు మాత్రం చూసి వెయ్యి, వెదుర్లలో పచ్చగా ఆకులో ఆకులా కలిసిపోయే పింజర జాతి పాము ఉంటుంది.

అన్నిటికంటే నాకు భయం వాగులంటే. ఓసారి నేనూ ఇంకొకాయనా చీలమండ లోతు వాగు దాటి అవతల బండ కింద కూర్చున్నాం. మా దగ్గర చినుకు లేదు, పైన కొండ మాత్రం నల్లగా ఉంది. కాసేపటికి తేటగా ఉన్న నీళ్ళు టీ రంగులోకి తిరిగాయి, పుల్లలూ ఆకులూ కొట్టుకొస్తున్నాయి, గలగల పోయి బుస మొదలైంది. పిట్ట మోజులో పట్టించుకోలేదు. లేచేసరికి నడుంలోతు. సాయంత్రం దాకా ఓ బఠాణీల పొట్లం పెట్టుకుని బండ కింద కూర్చున్నాం, దాటడానికి ప్రయత్నించలేదు కాబట్టి ఈ ఉత్తరం రాస్తున్నాను. కాబట్టి వానరోజు వాగు దాటొద్దు, దాటక తప్పలేదంటే రంగు మారగానే వచ్చెయ్. మెరుపు చూశాక లెక్కపెట్టు, ముప్పై లోపు ఉరుము వినపడితే గొడుగు ముడిచి కారెక్కు, చెట్టుకింద నిలబడొద్దు. చీకటిపడ్డాక చింతూరు వైపు ఘాట్ ఎక్కొద్దు, కొండచరియలు పడ్డా ముందు కనపడవు.

లోపలికి నడవాలనిపిస్తే ఫారెస్ట్ వాళ్ళ పర్మిషన్ తీసుకుని, అక్కడి కొండరెడ్లలో దారి తెలిసిన మనిషిని వెంటపెట్టుకోండి, అడిగినంత ఇవ్వండి, బేరాలొద్దు. ఆయన ఇక చాలు వెనక్కి పోదాం అంటే ఎందుకని అడగొద్దు, తిరిగేయండి.

దోమతెర, ఒడోమాస్ మర్చిపోకు. ఏజెన్సీ మలేరియా ఊరికే పోయేది కాదు. తిరిగొచ్చిన వారానికో రెండు వారాలకో జ్వరం తగిలితే ఆఫీసులో ఏసీ పడలేదని డోలో వేసుకుని పడుకోకు, అదే రోజు రక్తపరీక్ష చేయించుకో, మారేడుమిల్లి వెళ్ళొచ్చానని డాక్టరుకి నోరువిప్పి చెప్పు.

బైనాక్యులర్ తెచ్చిచ్చే ముందు ఓ రెండ్రోజులు ఫ్యాన్ కింద ఆరబెట్టి, సిలికా జెల్ పొట్లాలు వేసిన డబ్బాలో పెట్టు. తడిగా తోలు సంచిలో కుక్కితే అద్దాలకి బూజు పడుతుంది. మీ అమ్మకి నేను చెప్పుకుంటాలే, కానీ ఆదివారం కొండ దిగి రంపచోడవరం రాగానే నాకు ఫోన్ చెయ్యాలి, తనకి ముందు కాదు, నాకు. ట్రోగన్ కనపడిందో లేదో కూడా అప్పుడే చెప్పు.

– మావయ్య