ఇక్కడ బీదలు లేరా అని మా మామగారి గొడవ

ఈ నెల వచ్చిన ఉత్తరాల్లో నాలుగు మెక్సికో గురించే. రాసినవాళ్లు ఒకరికొకరు తెలియదు. మన పిల్లలు టెక్సాస్‌లో, కాలిఫోర్నియాలో స్థిరపడ్డాక అక్కడి చర్చి సంఘాలతో కలిసి సరిహద్దు దాటి సేవకు వెళ్లడం మామూలైపోయింది కాబట్టి ఇది ఎప్పుడో ఒకప్పుడు రావాల్సిందే. మొదటి ఉత్తరానికి ఎక్కువ చోటు ఇస్తున్నాను, మిగతావాళ్లు ఏమీ అనుకోవద్దు.

ప్రశ్న: మా పిన్ని కొడుకు వాళ్లు టెక్సాస్‌లో ఉంటారు. సిటిజన్‌షిప్ కూడా వచ్చింది. సెలవుల్లో వాళ్ల సంఘంతో కలిసి మెక్సికో వెళ్లి బీదలకు ఇళ్లు కట్టి వచ్చేవారు. ఇప్పుడు ఉద్యోగం మానేసి, భార్యా ఇద్దరు పిల్లలతో వహాకా అనే రాష్ట్రంలో ఒక కొండ పల్లెలో రెండేళ్లు ఉంటామంటున్నాడు. మన సంఘంలో కూడా కానుక పట్టించమని నన్ను అడిగాడు. మా మామగారేమో ఇక్కడ బీదలు లేరా, అంత దూరం పోవాలా అని ఒకటే గొడవ. టీవీలో అక్కడి ముఠాల గురించి చూసి మా పిన్నికి టెన్షన్‌తో నిద్ర లేదు. ఎవరికి ఏం చెప్పాలో మీరే చెప్పండి. (పేరు వద్దన్నారు, ఆమదాలవలస)

జవాబు: అమ్మా, ముందు మామగారి సంగతి చూద్దాం, ఆయన అడిగింది కొట్టిపారేసే మాట కాదు. ఇక్కడా బీదలున్నారు, నిజమే. కానీ ఇదే ప్రశ్న వేసుకుని కెనడా వాళ్లు ఇంటిపట్టునే కూర్చుని ఉంటే సోంపేటలో మిషన్ ఆసుపత్రి ఉండేది కాదు. కెనడా బాప్టిస్టులు 1870ల్లో కాకినాడ, భీమిలి వైపు మొదలుపెట్టి మెల్లగా బొబ్బిలి, శ్రీకాకుళం, టెక్కలి, సోంపేట దాకా వచ్చారు. సోంపేటలో డాక్టర్ బెన్ గలిసన్ చేస్తున్న కంటి ఆపరేషన్ల సంగతి విని, 1963లో కాల్గరీ ఊళ్లో ఆర్ట్ జెంకిన్స్ అనే వ్యాపారి డబ్బు పోగుచేయడం మొదలుపెడితే అదే తర్వాత ఆపరేషన్ ఐసైట్ అనే సంస్థ అయింది. మామగారి ఈడువాళ్లలో సోంపేటలో శుక్లాలు తీయించుకున్న తాతనో నాయనమ్మనో ఎరిగినవాళ్లు తప్పకుండా ఉంటారు, ఒకసారి కదిపి చూడండి.

ఆ పాత మిషన్ల వాళ్లలో నాకు నచ్చని సంగతులూ ఉన్నాయి, అవి ఇంకో రోజు. మీ తమ్ముడికి పనికొచ్చేది మాత్రం ఒకటుంది. వాళ్లు వచ్చి ఉండిపోయారు, తెలుగు నేర్చుకున్నారు, ఇక్కడివాళ్లకే పని నేర్పారు. వారం రోజుల ట్రిప్పుల మీద నాకు పెద్ద గురి లేదు. ఇరవై మంది విమానం టికెట్ల డబ్బు పెడితే ఆ ఊరి మేస్త్రీలకే నెలల తరబడి పని దొరుకుతుంది, గోడ కూడా వంకర లేకుండా లేస్తుంది. రెండేళ్లు ఉంటానన్నాడు కాబట్టే మీ తమ్ముడి మాట పట్టించుకోవాలనిపించింది.

ఇక ఆ దేశం గురించి. మెక్సికో అంటే బీద దేశం అనుకోవద్దు, కార్లు తయారుచేసి అమెరికాకు అమ్మే దేశం అది. బీదరికం కొన్ని చోట్ల పేరుకుపోయింది. 2022 ప్రభుత్వ లెక్కల్లో దేశం మొత్తం మీద నూటికి 36 మంది పేదలైతే వహాకాలో 58, గెరేరోలో 60, చియాపాస్‌లో 67 మంది. ఈ మూడూ దక్షిణాదివే, కొండలూ ఆదిమ జాతులూ ఎక్కువగా ఉన్నవే. వర్షాధారపు చెక్కల్లో మొక్కజొన్న, చిక్కుడు, గుమ్మడి కలిపి వేస్తారు, అది తిండికే చాలీచాలదు. అందుకని మగవాళ్లు అమెరికాకో, లేదంటే తమ దేశంలోనే ఉత్తరాన ఉన్న బాహా కాలిఫోర్నియా రాష్ట్రంలోని సాన్ కింతిన్ లోయకో పోయి స్ట్రాబెర్రీలు, టమాటాలు కోస్తుంటారు. బయట ఉన్న మెక్సికన్లు 2023లో ఇళ్లకు పంపిన డబ్బు 6,300 కోట్ల డాలర్లు దాటింది. అంటే మీ తమ్ముడు వెళ్లే పల్లెలో ముసలివాళ్లు, ఆడవాళ్లు, పిల్లలే ఎక్కువగా కనిపించొచ్చు. ఎచ్చెర్ల తీరం నుంచి వేరావల్ బోట్ల మీదకు మగవాళ్లను పంపి నెలల తరబడి ఎదురుచూసే ఇళ్ల గురించి మీకు నేను చెప్పక్కర్లేదు.

అతను ముందు తెలుసుకోవాల్సింది ఆ ఊళ్లు ఎలా నడుస్తాయన్నది. వహాకాలో 570 మునిసిపాలిటీలున్నాయి, మనలా పట్టణాలకే కాదు, చిన్న పల్లెకూ ఆ పేరే. వాటిలో 400 పైచిలుకు చోట్ల పార్టీ గుర్తుల మీద ఎన్నికలుండవు, ఊరంతా సభ కూర్చుని పెద్దలను ఎన్నుకుంటుంది. రోడ్డు వేయాలన్నా, నీళ్ల పైపు బాగుచేయాలన్నా ఇంటికొకరు కూలి లేకుండా వచ్చి పనిచేయాలి, దాన్ని తెకియో అంటారు. రానివాళ్లకు జరిమానా ఉంటుంది. ఇలాంటి ఊళ్లోకి డాలర్లతో వచ్చి, సభకు చెప్పకుండా, తన ప్రార్థనకు వచ్చే నాలుగు ఇళ్లవాళ్లకే గదులు కట్టించాడనుకోండి, మిగతా ఊరు వాళ్ల మీద కత్తి కడుతుంది, ఆ తర్వాత ఈయన టెక్సాస్ వెళ్లిపోతాడు, ఉండాల్సింది వాళ్లే. కాబట్టి మొదటి ఆరు నెలలు ఇటుక ముట్టుకోవద్దని చెప్పండి. స్పానిష్ ఒక్కటే చాలదు, ముసలమ్మలు చాలామంది మిష్తెకో, సపొతెకో అనే ఆదిమ జాతుల భాషలే మాట్లాడతారు. తెకియోకి పిలుపు వస్తే పార పట్టుకుని అందరితోపాటు వెళ్లాలి.

పని సంగతికొస్తే, ఇల్లంటే కొత్త ఇల్లే అక్కర్లేదు. మట్టి నేల మీద సిమెంటు వేయించడం చాలా పెద్ద సాయం. 2000లో కొవాహీలా రాష్ట్ర ప్రభుత్వం పీసో ఫీర్మే (గట్టి నేల) పేరుతో ఇదే పని మొదలుపెట్టింది. ఆ ఇళ్లను పక్క రాష్ట్రంలో సిమెంటు వేయని ఇళ్లతో పోల్చి చూస్తే పిల్లల కడుపులో పురుగులు, విరేచనాలు, రక్తహీనత బాగా తగ్గాయి. చిత్రం ఏమిటంటే తల్లుల దిగులు కూడా తగ్గింది. రెండోది పొయ్యి. రొట్టెలు కాల్చే పెనం కింద రోజంతా కట్టెలు మండుతుంటాయి, పొగ ఇంట్లోనే తిరుగుతుంది, పొగగొట్టం ఉన్న పొయ్యి కట్టిస్తే ఆ ఇంటావిడ దగ్గు తగ్గుతుంది. మూడోది వాన నీళ్లు పట్టే ట్యాంకు, అక్కడా వానలు మన లెక్కలోనే మే, జూన్ నుంచి అక్టోబరు దాకా పడి మిగతా నెలలు ఎండిపోతుంది. ఇంకో చిన్న మాట, పిల్లలు ముద్దొస్తున్నారని చాక్లెట్లు, కూల్‌డ్రింకులు పంచొద్దు. అక్కడ షుగర్ వ్యాధి ఎంత ముదిరిందంటే 2014లో ప్రభుత్వం తీపి డ్రింకుల మీద లీటరుకు ఒక పెసో పన్ను వేసింది.

పిన్నిగారి భయం గురించి. మెక్సికో అంతా ఒకలా ఉండదు. అమెరికా ప్రభుత్వం రాష్ట్రాల వారీగా ప్రయాణ హెచ్చరికలు ఇస్తుంది. గెరేరో, మిచోవకాన్, తమౌలిపాస్ లాంటివి వెళ్లొద్దన్న జాబితాలో ఏళ్ల తరబడి ఉన్నాయి, వహాకా ఆ జాబితాలో ఉండే రాష్ట్రం కాదు. రిస్క్ అసలు లేదని చెప్పను. రాత్రిపూట కొండ రోడ్ల మీద ప్రయాణం మానుకుని, ఊరి పెద్దలకు తెలియకుండా కొత్త దారుల్లో పోకుండా ఉంటే చాలా వరకు గడిచిపోతుంది. నాకు దానికన్నా పిల్లల చదువు గురించే దిగులుగా ఉంది. ఇంట్లో ఆన్‌లైన్ పాఠాలు అంటాడేమో, ఆ కొండల్లో సిగ్నల్ ఉందో లేదో ముందే చూసుకోమనండి. పిన్నిగారితో వారానికి ఒక రోజు, ఒక టైముకి ఫోన్ అని ఒప్పందం చేయించండి.

కానుక విషయం. విదేశాలకు డబ్బు పంపడానికి రిజర్వు బ్యాంకు పెట్టిన ఎల్ఆర్ఎస్ పథకం కింద ఒక మనిషి ఏడాదికి రెండున్నర లక్షల డాలర్ల దాకా విదేశాలకు పంపొచ్చు, విరాళం కూడా అందులోకే వస్తుంది, పాన్ కార్డుతో బ్యాంకులో అడిగితే చేస్తారు. దానికి ఆదాయపు పన్నులో 80జీ మినహాయింపు మాత్రం రాదు. కానీ నా మాట అడిగితే మన సంఘంలో కానుక పట్టొద్దు. డాలర్లలో జీతం తీసుకునే సంఘం అతని వెనుక ఉంది, మన దగ్గర కూలికి వెళ్లే విశ్వాసి ఇచ్చిన రెండు వందలు అక్కడికి చేరేసరికి బ్యాంకు చార్జీలకే సరి. ప్రార్థన చేయండి, డబ్బు ఇక్కడే వాడండి. మామగారికి కూడా ఇది నచ్చుతుంది.

ప్రశ్న: సేవ అంటారు గాని చివరికి మతం మార్చడానికే కదా? పైగా మెక్సికో వాళ్లు ఎప్పటినుంచో క్రైస్తవులే అయితే వీళ్లు వెళ్లి మార్చేదేమిటి? (ఒక రిటైర్డ్ మాస్టారు, విజయనగరం)

జవాబు: మాస్టారూ, రెండో ప్రశ్నలోనే చాలా ఉంది. 2020 జనాభా లెక్కల్లో అక్కడ నూటికి 78 మంది కేథలిక్కులు, 11 మంది ప్రొటెస్టెంటు, ఇవాంజెలికల్ సంఘాల వాళ్లు. అమెరికా నుంచి వెళ్లేవాళ్లలో చాలామంది రెండో రకం. గొడవ అంతా అక్కడే. కేథలిక్ ఊళ్లలో ఊరి సెయింటు పండగకి ఇంటింటా చందా ఉంటుంది, పండగ ఖర్చు మోసే వంతులుంటాయి. కొత్తగా మారినవాళ్లు మాకు సంబంధం లేదు, చందా ఇవ్వం అంటారు. పైడితల్లి అమ్మవారి సిరిమాను చూసి పెరిగిన మీకు ఊరి పండగ చందా ఎగ్గొడితే వీధిలో ఎలా చూస్తారో తెలుసు. అక్కడ ఇంకా ముందుకు పోయింది, నీళ్ల కనెక్షన్లు కోసేశారు, ఊళ్ల నుంచి వెళ్లగొట్టారు. చియాపాస్‌లో సాన్ హువాన్ చామూలా అనే ఊరి నుంచి 1970ల నుంచి వేలమందిని తరిమేశారు.

మతం మార్చుకునే హక్కు మనిషికి ఉంది, అందులో నాకు అనుమానం లేదు, నీళ్లు కోసి ఎవరినీ రోడ్డున పడేయకూడదు కూడా. కానీ సాయానికి ప్రార్థన హాజరు ముడిపెట్టేవాళ్లను నేను ఒప్పుకోను. చూడటానికి తేలిక దారి ఒకటుంది: వాన నీళ్ల ట్యాంకు ఎవరి పెరట్లో పెట్టారో చూడండి. కేథలిక్ ముసలమ్మ పెరట్లోనూ ఉంటే మనిషి సూటిగా ఉన్నట్టే. చట్టం సంగతి కూడా చెప్తాను, 1992 నుంచి అక్కడ మత సంస్థలు ప్రభుత్వం దగ్గర నమోదు చేసుకుంటేనే చట్టపరమైన గుర్తింపు. బయటి దేశస్థులు రాజకీయాల్లో వేలు పెడితే రాజ్యాంగం 33వ అధికరణం కింద పంపించేయొచ్చు.

ప్రశ్న: సార్, నేను బీఎస్సీ నర్సింగ్ చివరి సంవత్సరం. మాది కవిటి. మా ఉద్దానం లాంటి కిడ్నీ జబ్బు మెక్సికోలో కూడా ఉందట. మా మావయ్య వాళ్ల టీమ్‌తో వెళ్తే నేను పనికొస్తానా?

జవాబు: ఉందమ్మా. నికరాగువా, ఎల్ సాల్వడార్ చెరకు తోటల కూలీల్లో ఎక్కువ, మెక్సికోలో వెరాక్రూస్ రాష్ట్రంలోని తియేరా బ్లాంకా వైపు కూడా గుర్తించారు. షుగర్, బీపీ లేని వయసు మగవాళ్లకు కిడ్నీలు పాడవడం అక్కడా అంతే, ఇక్కడా అంతే. ఎండలో చెమటోడ్చి నీళ్లు తాగకపోవడం, పురుగుమందులు, తాగే నీళ్లు అని రకరకాలుగా వెతుకుతున్నారు, ఇదీ అని తేలలేదు. నువ్వు వెళ్తే మాత్రం అక్కడ రిజిస్ట్రేషన్ లేకుండా సూది వేయడానికి లేదు, ఫొటోల్లో నిలబడటమే మిగులుతుంది. పలాసలో 200 పడకల కిడ్నీ ఆసుపత్రి 2023 డిసెంబరులో తెరిచారు. ముందు అలాంటి చోట రెండేళ్లు డయాలసిస్ వార్డులో చెయ్యి. మీ మండలంలో ఇల్లిల్లూ తిరిగి, మాట కలిపి, రక్తపరీక్షకు ఒప్పించిన అనుభవం ఉన్న నర్సుని తియేరా బ్లాంకా వాళ్లే కాదు, ఎవరైనా కూర్చోబెట్టి వింటారు. ఖాళీ దొరికితే స్పానిష్ మొదలుపెట్టు, ఫోన్‌లోనే నేర్చుకోవచ్చు.

ప్రశ్న: మా మహిళా సమాజం దగ్గర మంచి చీరలు, పిల్లల బట్టలు మూడు మూటలున్నాయి, మెక్సికో పంపాలంటే పార్శిల్ ఎలా? (చీపురుపల్లి)

జవాబు: పంపొద్దు తల్లీ. వాడిన బట్టల దిగుమతి మీద అక్కడ ఆంక్షలున్నాయి, పార్శిల్ ఖర్చు బట్టల ఖరీదుకన్నా ఎక్కువ, పైగా ఆ కొండ ఊళ్లలో ఆడవాళ్లు మగ్గం మీద నేసుకునే వాళ్ల బట్టలు వాళ్లకున్నాయి. చీపురుపల్లిలోనే ఇటుక బట్టీల దగ్గరకు వలస వచ్చిన కుటుంబాలుంటే అడిగి ఇవ్వండి, కావాలంటేనే.