ఉద్యోగం మానేసి నేనే వ్యాయామాలు చేయిస్తే డబ్బు మిగులుతుందా?

ప్రశ్న: మావారికి పక్షవాతం వచ్చి నాలుగు నెలలైంది. కుడి చెయ్యి, కాలు ఇంకా పట్టు చిక్కలేదు. ఫిజియోథెరపిస్టు వారానికి ఆరు రోజులు ఇంటికి వస్తున్నారు. నా జీతంలో మూడో వంతు అక్కడికే పోతోంది, దాచుకున్నదీ కరిగిపోతోంది. ఆయన్ని మాన్పించి, నేను ఉద్యోగం మానేసి, వ్యాయామాలు నేనే చేయిద్దామనుకుంటున్నాను. ఇంట్లో అత్తగారు, కాలేజీ చదివే అబ్బాయి ఉన్నారు. ఏమంటారు?

జవాబు: మూడో వంతు మిగుల్చుకోవడానికి మూడు వంతులూ వదులుకుంటానంటున్నారు. పైగా ఆఫీసు ఇచ్చే ఆరోగ్య బీమాలో మీవారి పేరు కూడా ఉంటే, రాజీనామాతో అదీ పోతుంది. ఒకసారి పక్షవాతం వచ్చిన మనిషికి కొత్త పాలసీ దొరకడం కష్టం. రాజీనామా మాట పక్కన పెట్టేయండి.

వ్యాయామాలు మీరు చేయించడం మాత్రం మంచి ఆలోచనే, ఫిజియోకు తోడుగా అయితే. 2011లో వెలువడిన ఒక చిన్న ఐర్లండ్ అధ్యయనంలో, మామూలు చికిత్సతో పాటు ఇంటివాళ్లు రోజుకు 35 నిమిషాలు, 8 వారాలు కాళ్ల వ్యాయామాలు చేయిస్తే నడక, నిలకడ మెరుగయ్యాయి. భారత్‌లో 1,250 మందితో జరిగి 2017లో ఫలితాలొచ్చిన అటెండ్ అధ్యయనంలో మాత్రం, ఇంటివాళ్లకు శిక్షణ ఇచ్చి చేయించినా ఆరు నెలలకు తేడా కనబడలేదు. అందుకే ఇంటివాళ్ల మీదే మొత్తం భారం వేసే లెక్క నేను వెయ్యను.

డాక్టరు ఒప్పుకుంటే ఆరు రాకల్ని రెండుకు తగ్గించండి. ఆ రెండు రోజులూ ఫిజియో పని మీకు నేర్పడం, మీరు చేయించింది సరిచూడటం, వ్యాయామాలు మార్చడం. ఫోన్లో వీడియో తీసుకోండి. బల్ల మీద తువ్వాలు పరిచి, అరచెయ్యి ఆనించి ముందుకు తోయడం చూడ్డానికి తేలికే. కానీ మీవారు చెయ్యి చాచకుండా నడుము వంచి ముందుకు వాలిపోతే, తువ్వాలు కదులుతుంది, భుజానికి పని పడదు. అది పసిగట్టడం మీరు నేర్చుకోవాలి. లేపేటప్పుడు పట్టు లేని చెయ్యి పట్టుకుని లాగితే భుజం కీలు దెబ్బతింటుంది. ఆ వైద్యానికయ్యే ఖర్చు ముందు ఫిజియో ఫీజు ఏ మూలకు!

ఆఫీసుకు ముందు ఒక విడత మీరు, సాయంత్రం అబ్బాయి. పక్కన కూర్చుని లెక్కపెట్టడం అత్తగారు. నేను చూసిన ఇళ్లలో వ్యాయామం ఆగిపోయింది ఎక్కువగా డబ్బు లేక కాదు, ఒక్కరి నెత్తినే పడి విసుగొచ్చి.

ఇక పొదుపు. కోలుకోవడం మొదటి నెలల్లో వేగంగా ఉండి తర్వాత నెమ్మదిస్తుంది, కానీ ఆగిపోదు. కాబట్టి ఉన్నదంతా ఇప్పుడే ఊడ్చిపెట్టకండి. నాలుగు నెలల ఇంటి ఖర్చు ముట్టుకోకుండా పక్కన పెట్టి, మిగిలినదాన్ని 12తో భాగించండి. పొదుపులోంచి నెలకు అంతకు మించి తియ్యొద్దు. ప్రకటనల్లో కనిపించే పరికరాలేవీ ఫిజియో చెప్పకుండా కొనకండి. చెప్పినా ముందు అద్దెకు దొరుకుతుందేమో చూడండి.

ఆసుపత్రి నుంచి వచ్చాక చేయించిన ఫిజియోథెరపీకి కొన్ని పాలసీలు కొన్నాళ్ల వరకు డబ్బిస్తాయి. డాక్టరు రాసిచ్చిన చీటీ, బిల్లులు, ఫిజియో వచ్చిన తేదీలు ఒక ఫైల్లో పెట్టి ఈ వారమే అడగండి. నాలుగు నెలలైందంటున్నారు, గడువు దాటిపోయే ప్రమాదముంది.