ప్రయాణాల్లో రెస్టారెంట్‌కి వెళ్తే ఇంగ్లీషులో మర్యాదగా ఆర్డర్ ఇవ్వడం ఎలా?

‘ఐ వాంట్ సూప్’ అనడంలో వ్యాకరణం తప్పేమీ లేదు, కానీ వినేవాళ్లకి దబాయించినట్టుంటుంది. తెలుగులో ‘ఇవ్వు’ని ‘ఇవ్వండి’ చేస్తే మర్యాద వచ్చేస్తుంది. ఇంగ్లీషు క్రియకి ఆ ‘అండి’ లేదు. అందుకే ఇంగ్లీషు మాట్లాడేవాళ్లు కావలసినదాన్ని ప్రశ్నగా మార్చి అడుగుతారు: ‘కుడ్ ఐ హ్యావ్ ద సూప్, ప్లీజ్?’ ప్రశ్న వద్దనుకుంటే ‘ఐడ్ లైక్ ద సూప్, ప్లీజ్’. ఈ రెండూ నోటికి పట్టించుకుంటే చాలావరకు గట్టెక్కినట్టే. ‘కెన్ ఐ గెట్’ అమెరికాలో మామూలే. బ్రిటన్‌లో కొందరికి, ముఖ్యంగా పెద్దవాళ్లకి, అంతగా రుచించదు.

వెయిటర్‌ని పిలవడానికి చిటికెలు వేయొద్దు. మీవైపు చూసినప్పుడు ‘ఎక్స్‌క్యూజ్ మీ’ అంటే చాలు. చివర్లో ‘కుడ్ వి హ్యావ్ ద బిల్, ప్లీజ్?’ అమెరికాలో బిల్లుని ‘చెక్’ అంటారు. అన్నట్టు, అక్కడి మెనూలో ‘ఆన్‌ట్రే’ అంటే ప్రధాన వంటకం. ఆస్ట్రేలియాలో అదే మాటకి ముందుగా తినే చిన్న వంటకమని అర్థం. చాలామంది బోల్తా పడేది ఇక్కడే.

అలర్జీ విషయంలో మాత్రం మొహమాటానికి పోయి నసగొద్దు. ‘ఐ యామ్ అలర్జిక్ టు పీనట్స్’ అని ఆర్డర్‌కి ముందే సూటిగా చెప్పేయండి.