నీ సినిమాలో ఇద్దరు ఆడపోలీసుల గురించి

చిట్టీ,

మీ అమ్మ ఫోన్ చేసి "అక్కా, దీని సినిమా ఓకే అయిందట. ఇద్దరు లేడీ డిటెక్టివ్‌ల కామెడీ అట, ఫైటింగులు కూడా ఉంటాయట" అని చెప్పినప్పుడు సంతోషపడాలో భయపడాలో తెలియలేదు. కృష్ణానగర్‌లో ఇన్నేళ్లు ఇరుకు గదిలో ఉంటూ, ఎండలో నిలబడి క్లాప్ కొట్టిన పిల్ల సొంతంగా డైరెక్షన్ చేస్తుందంటే గర్వం ఉండదా? కూరగాయలబ్బాయితో సహా వీధిలో అందరికీ చెప్పేశాను. కానీ మొదటి సీన్ నేను పోలీసు ఉద్యోగంలో ఉన్నప్పటి పుష్కరాల కథేనని మీ అమ్మ తర్వాత తాపీగా చెప్పింది. అప్పటి నుంచి సరిగ్గా నిద్ర లేదు. ఫోన్‌లో చెబితే "సరే పెద్దమ్మా, సరే పెద్దమ్మా" అంటావు, ఒక్కటీ చెవికెక్కించుకోవు. అందుకే రాస్తున్నాను.

ముందు చిన్న చిన్నవి. పర్మిషన్ కాగితం చేతిలో లేకుండా రోడ్డు మీద కెమెరా తీయొద్దు. యూనిఫాం వేసుకున్న ఆర్టిస్టుల్ని టీకి కూడా లొకేషన్ దాటనివ్వకు, ఎవరో నిజం పోలీసనుకుని తగువు తీర్చమంటారు. ఫైటర్ల ఇన్సూరెన్స్ కాగితాలు మేనేజర్ ఉన్నాయన్నాడని ఊరుకోకుండా నువ్వే చూసుకో. డ్యూటీలో జుట్టు విరబోసుకుని తిరిగే పోలీసుని మాత్రం చూపించావంటే నేను హాల్లోంచి లేచి వచ్చేస్తాను.

బాత్రూమ్ సంగతి మాత్రం ఒక్క మాటతో వదలను. నవ్వకు. బందోబస్తు అంటే పొద్దున్నే రోడ్డు మీద నిలబెట్టేవాళ్లు, మళ్లీ ఎప్పుడు వదులుతారో దేవుడికే తెలియాలి. మగవాళ్లు గోడ పక్కకి వెళ్లొచ్చేవాళ్లు. మేం మంచినీళ్లు మానేసేవాళ్లం. మే నెల ఎండలో నాలుక పిడచకట్టుకుపోయినా గుక్కెడు తాగేవాళ్లం కాదు. యూరిన్ ఇన్ఫెక్షన్‌తో సర్వీసంతా మందులు మింగిన వాళ్లున్నారు మాలో. హీరోయిన్లకి కారవాన్ ఉంటుంది. డూపులకి, జూనియర్ ఆర్టిస్టులకి, నీ అసిస్టెంట్ అమ్మాయిలకి ఏముంటుంది? లొకేషన్ చూడటానికి వెళ్లినప్పుడు కెమెరా ఎక్కడ పెట్టాలన్నది తర్వాత, ముందు ఇది చూడు. నువ్వు కూడా నీళ్లు తాగు. మొన్న సంక్రాంతికి వచ్చినప్పుడు నీ పెదాలు ఎంత పగిలిపోయాయో గమనించాను.

డూప్ అన్నాను కాబట్టి గుర్తొచ్చింది. హీరోయిన్ గోడ దూకాలంటే మగ ఫైటర్‌కి విగ్గు పెట్టి దూకించడం మీవాళ్లకి అలవాటు. ఆ భుజాలు, ఆ పరుగు ఎవరికి తెలియవు? మా ట్రైనింగ్‌లో తాడు పట్టుకుని గోడ ఎక్కిన అమ్మాయిలెందరో ఉన్నారు. ఆడ ఫైటర్లనే వెతుక్కో. వాళ్లనైనా సరే, రోప్ కట్టాక ఫైట్ మాస్టర్ ఒకసారి, నువ్వు ఒకసారి లాగి చూడకుండా "యాక్షన్" అనకు. టైమ్ అయిపోతోందని ప్రొడ్యూసర్ అరిస్తే అరవనీ.

ఇక అసలు విషయం. పోయిన వేసవిలో నీ లాప్‌టాప్‌లో చూపించావే ‘ది హీట్’, 2013లో వచ్చింది. అందులో శాండ్రా బుల్లక్ ఎఫ్‌బీఐ మనిషి, అంతా పద్ధతి ప్రకారం. మెలిస్సా మెకార్తీ బోస్టన్ పోలీసు, నోరు తెరిస్తే బూతు, ఫ్రిజ్ నిండా ఆయుధాలు. నువ్వు పడీ పడీ నవ్వావు, నేనూ నవ్వాను. నాకు బాగా నచ్చింది ఏమిటంటే, వాళ్ల గొడవ మొదలయ్యేదే పని దగ్గర. నేను పట్టుకున్నవాణ్ణి నువ్వెలా ప్రశ్నిస్తావు అన్న దగ్గర. ఏ స్టేషన్‌కి వెళ్లినా రోజూ వినపడే తగువే అది. పైగా ఆ బూతుల పోలీసమ్మ సొంత తమ్ముణ్ణే జైల్లో పెట్టింది, డ్రగ్స్ వాళ్ల చేతిలో చావకుండా ఉండాలని. ఇంట్లోవాళ్లు అందుకు ఆమెను తిట్టిపోస్తుంటారు. ఆ సంగతి తెలిశాక ఆమె ఎంత అరిచినా మనకి కోపం రాదు. నువ్వు అందులోంచి బూతులూ ఫ్రిజ్జూ తెచ్చుకుని తమ్ముణ్ణి బోస్టన్‌లోనే వదిలేస్తావేమోనని నా భయం.

మన దగ్గర అలాంటి జోడీ కోసం ఎక్కడికో పోనక్కర్లేదు. ఒకరు డైరెక్ట్ ఎస్సై, ఒకరు ర్యాంకర్, చాలు. ఒకరు డిగ్రీ చదివి, పరీక్ష రాసి, నేరుగా నక్షత్రాలతో వచ్చిన పిల్ల. ఇంకొకరు కానిస్టేబుల్‌గా చేరి, వీధి వీధీ తిరిగి హెడ్డు అయిన మనిషి. వయసులో చిన్నదానికి పెద్దది సెల్యూట్ కొట్టాలి, పని మాత్రం చిన్నదానికి పెద్దది నేర్పాలి. ఇంతకంటే కామెడీ ఏం కావాలి? 1990లో ‘కర్తవ్యం’ వచ్చినప్పుడు హాల్లో విజయశాంతికి ఈలలు వేసిన వాళ్లలో నేనూ ఉన్నాను. ఆమెకి నేషనల్ అవార్డు కూడా వచ్చింది. అయితే అందులో పోలీసమ్మ ఒక్కతే. అప్పట్లో మా స్టేషన్లూ అంతే. ఆడమనిషిని తనిఖీ చేయాలంటే ఆడమనిషే ఉండాలి కదా, ఆడదొంగ దొరికితే పక్క స్టేషన్ నుంచి మమ్మల్ని అరువడిగేవాళ్లు. ఇద్దరు ఆడవాళ్లని కలిపి ఒక పని మీద పంపడమే అరుదు. 2004 కృష్ణా పుష్కరాలకి అలా పంపారు నన్నూ మా ఎస్సై మేడమ్‌నీ.

నీకు తెలిసిన కథ ఏమిటి? మేడమ్ దొంగల్ని పట్టడానికి చీర కట్టుకుని, కింద స్పోర్ట్స్ షూస్ వేసుకుని ఘాట్‌కి వచ్చింది, అందరూ నవ్వారు. పెళ్లిళ్లలో మన ఇంట్లోవాళ్లు చెప్పుకునేది ఇంతే. అసలు జరిగింది విను.

ముందురోజు రాత్రి వైర్‌లెస్ సెట్‌లో ఒక్క ముక్క చెప్పారు: "రేపు మఫ్టీ, చీరల్లో రండి." ఆర్డరిచ్చిన ఆఫీసర్ అంతకుమించి ఒక్క మాట అనలేదు. ఏ ఘాట్‌లో ఎలా నిలబడాలి, ఎవరు ఎవరిని చూసుకోవాలి, ఏమీ లేదు. మేడమ్ హైదరాబాద్‌లో పుట్టి పెరిగిన పిల్ల, పుష్కరాలు చూసి ఎరగదు. దొంగ వెనక పరిగెత్తాలి కాబట్టి బూట్లు కావాలనుకుంది. విజయవాడ దుర్గా ఘాట్‌లో తెల్లవారుజామున కలిశాం. నీలం అంచు నేతచీర, కుచ్చిళ్ల కింద తెల్లటి బూట్లు. చుట్టూ వేలమంది వట్టి కాళ్లతో మెట్లు దిగుతున్నారు. "మేడమ్, ఆ బూట్లు విప్పేయండి, కిలోమీటరు దూరానికి తెలుస్తోంది" అన్నాను. "ఈ పాచిలో జారితే దొంగని మీరు పట్టుకుంటారా?" అంది. తను అన్నదాంట్లో తప్పేముంది? నేనన్నదాంట్లో మాత్రం తప్పేముంది? స్నానాలకి వచ్చిన ముసలమ్మలు మమ్మల్ని అత్తాకోడళ్లనుకుని సర్దిచెప్పారు కూడా.

దొంగకి కావాల్సింది పోలీసు ఎక్కడుందో తెలియడమే. మేడమ్ ఉన్న వైపు ఎవరూ చెయ్యి పెట్టలేదు. అవతలి పక్కన, నీళ్లలో మూడు మునకలు వేసి లేచిన ఒక మామ్మ మెడ తడుముకుని "నా నానుతాడు" అని కేక పెట్టింది. నేను అటు తిరిగి రెండడుగులు వేశానో లేదో పాచి మీద జారి మెట్టు మీద కూలబడ్డాను. మేడమ్ కొంగు నడుముకి దోపి, ఆ బూట్లతోనే మెట్లన్నీ ఎక్కి, గుంపుని చీల్చుకుని రోడ్డు మీద ఒకామెని ఒడిసి పట్టుకుంది. నేను కుంటుకుంటూ వెళ్లి తనిఖీ చేశాను. ఏమీ లేదు. గొలుసు అప్పటికే చేతులు మారిపోయింది. వాళ్ల పని తీరే అంత, తెంచేది ఒకరు, అందుకునేది ఒకరు, ఊరు దాటించేది ఇంకొకరు. సొత్తు దొరకలేదు, కేసు నిలబడలేదు.

ఆ రాత్రి రివ్యూ మీటింగ్‌లో ఆ ఆఫీసరే లేచి "ఏమ్మా, పుష్కర స్నానానికి వచ్చావా, మారథాన్‌కి వచ్చావా?" అన్నాడు. గదంతా ఘొల్లుమంది. మర్నాటికి ఊళ్లోని డ్యూటీ పాయింట్లన్నిటికీ పాకిపోయింది ఆ జోకు. గొలుసు ఎవరి చేతికి పోయింది, రేపు ఇద్దరినీ ఎక్కడ నిలబెట్టాలి, ఒకరిని వట్టి కాళ్లతో నీళ్ల దగ్గర, ఒకరిని బూట్లతో మెట్ల పైన పెడితే సరిపోయేది కదా అని ఒక్కరూ అనలేదు. ఆ మామ్మ తడి బట్టలతోనే అవుట్‌పోస్ట్ బయట బెంచీ మీద సాయంత్రం దాకా కూర్చుంది. ఎవరు లోపలికి వెళ్లినా లేచి నిలబడేది. మేడమ్ కాఫీ ఇప్పిస్తే తాగలేదు. నానుతాడు దొరకలేదు చిట్టీ.

మర్నాటి నుంచి మేడమ్ వట్టి కాళ్లతోనే వచ్చింది. పుష్కరాలు ముగిసేసరికి అరికాళ్లు చిల్లులు పడ్డాయి. ఇన్‌స్పెక్టర్ అయ్యాక కూడా మఫ్టీ పార్టీని పంపే ముందు వరసగా నిలబెట్టి మొహాల కంటే ముందు కాళ్లు చూసేది. ఎక్కడికి వెళ్తున్నారో దానికి తగ్గట్టు ఉన్నాయా లేదా అని.

ఆ సీన్ తీసేయమని నేను అనడం లేదు. బూట్లు పెట్టు, అత్తాకోడళ్ల గొడవ పెట్టు, నేను జారిపడింది కూడా పెట్టు, హాలంతా నవ్వనీ. కానీ బూట్ల దగ్గర కట్ చెప్పకు. మీటింగ్ దాకా రా, మామ్మ బెంచీ దాకా రా. వాళ్లిద్దరూ ఎందుకు కొట్టుకుంటున్నారో చూసేవాళ్లకి తెలియాలి. లావు మీద, నలుపు మీద, పెళ్లి కాకపోవడం మీద మాత్రం ఒక్క జోకు కూడా వద్దు. అవి మేం సర్వీసంతా విన్నాం, టికెట్ కొనుక్కుని మళ్లీ వినలేం.

నీకు సెకండాఫ్‌కి ఒకటి ఇస్తాను, రాసుకో. చీకటి పడ్డాక తెల్లారేదాకా ఆడమనిషిని మామూలుగా అరెస్ట్ చేయకూడదు. మరీ తప్పనిసరైతే మహిళా ఆఫీసర్ రిపోర్ట్ రాసి మేజిస్ట్రేట్ దగ్గర ముందుగా అనుమతి తెచ్చుకోవాలి. అరెస్టులు ఎలా చేయాలో చెప్పే పాత చట్టం సీఆర్‌పీసీలో ఉన్నదే, 2024 జులై నుంచి దాని బదులు వచ్చిన బీఎన్‌ఎస్‌ఎస్‌లోనూ ఉంది. ఇప్పుడు ఆలోచించు. నీ ఇద్దరికీ దొంగ కనపడింది, సూర్యుడు కుంగిపోయాడు. ఒకరేమో కాగితం తీసి రిపోర్ట్ రాయడం మొదలుపెట్టింది, ఇంకొకరేమో "మీరు రాసేలోపు అది రైలెక్కేస్తుంది మేడమ్" అంటోంది. రాత్రంతా ఇద్దరూ ఒకే ఆటోలో దాని వెంట తిరుగుతూ, ఆకలికి తిట్టుకుంటూ తెల్లారే దాకా ఆగాలి. పైసా ఖర్చు లేని ఛేజ్. మీ ప్రొడ్యూసర్‌కి కూడా నచ్చుతుంది.

మేడమ్ ఇప్పుడు డీఎస్పీ. నీ సంగతి చెప్పాను, స్క్రిప్ట్ చదువుతానంది. పొద్దున పది దాటాకే ఫోన్ చేయి, ఆంటీ అనకు, మేడమ్ అను. ఎర్ర పెన్నుతో తప్పులు దిద్ది పంపుతుంది, మొహం మాడ్చుకోకు. నైట్ షూటింగ్ ఉన్న రోజుల్లో ఏ వేళకైనా సరే రూమ్‌కి చేరాక నాకు మెసేజ్ పెట్టు, మీ అమ్మకి పెట్టకపోయినా పర్లేదు. పర్మిషన్ లెటర్ కాపీ కూడా వాట్సాప్ చేయి. తేదీలు, స్టేషన్ పరిధి సరిగ్గా ఉన్నాయో లేదో నేను ఒకసారి చూస్తాను.

మీ పెద్దమ్మ