గైడ్ హెచ్-ఇండెక్స్ 7 అయితే అక్కడ పీహెచ్‌డీ చేరొచ్చా?

ఎమ్మెస్సీ మ్యాథ్స్ అయింది, మ్యాథ్స్ గైడ్ హెచ్-ఇండెక్స్ 7, మ్యాథమెటికల్ మోడలింగ్‌లో సీటు ఇస్తానంటున్న మెటీరియల్స్ సైన్స్ సార్‌ది 48, ఎవరి దగ్గర చేరాలి అని కదా మీ ప్రశ్న. హెచ్-ఇండెక్స్ 7 అంటే, కనీసం ఏడేసి సైటేషన్లు, అంటే వేరే పేపర్లలో ప్రస్తావనలు, వచ్చిన పేపర్లు ఏడున్నాయని. అసలు ఆ రెండు అంకెల్నీ పక్కపక్కన పెట్టకూడదు. నేను చెన్నైలో ఓఎంఆర్ రోడ్డు వైపు ఒక ప్రైవేటు ఇంజినీరింగ్ కాలేజీలో లెక్కలు చెబుతాను, ఈ గోల నాకు కొత్త కాదు.

మా దగ్గర ఏటా అప్రైజల్ మీటింగ్ పెడతారు. అన్ని డిపార్ట్‌మెంట్ల వాళ్లనీ ఒకే ఎక్సెల్ షీట్‌లోకి ఎక్కించి, సైటేషన్ల ప్రకారం సార్ట్ చేసి ప్రొజెక్టర్ మీద వేస్తారు. పైన నానో మెటీరియల్స్ వాళ్లు, తర్వాత కంప్యూటర్ సైన్స్, అట్టడుగున మేమూ ఇంగ్లీషు డిపార్ట్‌మెంటూ. ఒక ఏడాది మా సీనియర్, రిటైర్మెంటుకు దగ్గరపడ్డ నెల్లూరాయన, ఆయన పేరు దగ్గర కర్సర్ ఆగింది. డీన్ కూడా తెలుగాయనే. "ఏం మాస్టారూ, పోయినేడూ ఇదే నంబరు కదా?" అన్నాడు. ఈయన కళ్లజోడు తీసి తుడుచుకుంటూ, "నా పేపరు జర్నల్ తరఫున పరిశీలించే రిఫరీ గారి దగ్గర ఏడాదిన్నరగా ఉందండీ, ఆయన్ని కూడా పిలిపించండి, ఇద్దరికీ కలిపి అప్రైజల్ చేసేద్దురు" అన్నారు. అందరం నవ్వాం, డీనూ నవ్వాడు. ఇంక్రిమెంట్ మాత్రం రాలేదు.

మ్యాథ్స్ పేపరు చివర మామూలుగా ఇరవై ముప్ఫై రిఫరెన్సులే ఉంటాయి. బయాలజీ రివ్యూ పేపర్లో వంద సునాయాసంగా దాటుతాయి. ఇచ్చేవాళ్లే తక్కువైనప్పుడు వచ్చేవెక్కడివి? పైగా మాకు పేపరుకి ఒకరో ఇద్దరో రచయితలు. 2015లో హిగ్స్ బోసాన్ ద్రవ్యరాశి మీద వచ్చిన పేపరుకి 5,154 మంది రచయితలు, అది ఎవరు కోట్ చేసినా అందరి ఖాతాలోనూ పడుతుంది! 2005లో ఈ హెచ్-ఇండెక్స్ కనిపెట్టిన హిర్ష్ ఫిజిక్స్ మనిషి, బయాలజీ వాళ్లకి ఇది ఎక్కువగా వస్తుందని ఆయనే ఆ పేపర్లో రాశాడు. మన కమిటీలు ఆ ముక్క చదవవు.

సైటేషన్ ఎక్కువొచ్చిందంటే గొప్ప ఆలోచన అని కూడా కాదు. 3 లక్షలు దాటిన సైటేషన్లతో ముందున్న పేపరు 1951లో లౌరీ వాళ్లు ప్రొటీన్ కొలిచే పద్ధతి మీద రాసింది. మద్రాసు మెడికల్ కాలేజీలో చదివిన మన ఎల్లాప్రగడ సుబ్బారావు గారికీ అంతే, హార్వర్డ్‌లో ఫిస్క్ అనే ఆయనతో కలిసి 1925లో ఫాస్ఫరస్ కొలిచే పద్ధతి రాశారు, ల్యాబుల్లో దశాబ్దాల పాటు అదే పేరు చెప్పుకున్నారు. ఆ హార్వర్డే ఆయనకి పర్మనెంట్ ఉద్యోగం ఇవ్వలేదు, అది వేరే కథ.

ఇంటిపేరు ముందు పెట్టుకునే మనవాళ్లకి ఇంకో తలనొప్పి ఉంది. సైటేషన్లు లెక్కపెట్టే డేటాబేస్‌లు పేరులో చివరి మాటనే ఇంటిపేరనుకుంటాయి. దాంతో రావులందరూ ఒక కుప్ప, రెడ్డిలందరూ ఒక కుప్ప. నా గూగుల్ స్కాలర్ ప్రొఫైల్‌లోకి గేదెల పొదుగువాపు మీద ఎవరిదో పేపరు వచ్చి చేరింది. నా లెక్కల పేపర్లన్నీ కలిపినా దానికొచ్చినన్ని సైటేషన్లు లేవు. తీసేస్తానంటే ఆఫీసులో కుర్రాడు "ఉండనివ్వండి సార్, ర్యాంకింగ్‌కి పనికొస్తుంది" అన్నాడు! మీరు మొదటి పేపరు పంపే ముందే ఆర్కిడ్ (ORCID) ఐడీ, అంటే పరిశోధకుడికి విడిగా ఇచ్చే నంబరు, తీసుకోండి, పేరు ఒకే స్పెల్లింగ్‌తో రాయండి.

ఇక మీ గైడ్ సంగతి. ఆయన 7ని వేరే మ్యాథ్స్ వాళ్లతో, అదీ ఆయన సబ్జెక్టులోనే, ఆ వయసు వాళ్లతోనే పోల్చండి. పేపర్లు ఏ జర్నల్స్‌లో వచ్చాయో చూడండి. ముఖ్యంగా ఆయన దగ్గర చేసినవాళ్లు ఒకరిద్దరికి ఫోన్ చేసి, చాప్టర్ రాసిస్తే ఎన్నాళ్లకి చదివి తిరిగిస్తారో అడగండి. 48 ఉన్న సార్ దగ్గర కూడా ఇదే అడగండి, పెద్ద ల్యాబ్ అయితే మీ చాప్టర్ చదివేది ఆయనా, ఆయన పోస్ట్‌డాకా (పీహెచ్‌డీ అయ్యాక ల్యాబులో పనిచేసేవాళ్లు) అన్నది కూడా తేలిపోతుంది.