అరటిపండు మీది ఈగ, మామిడిలోని పురుగు

చిరంజీవి మేనల్లుడికి మామ ఆశీస్సులు.

నిన్న రాత్రి నువ్వు వాట్సాప్‌లో పంపిన రెండు ఫోటోలూ చూశాను. ఒకదాంట్లో వంటింటి గట్టు మీద బాగా మగ్గిన అరటిపండ్లు, వాటి మీద ముసిరిన చిన్నీగలు. రెండోదాంట్లో చెట్టు కింద రాలిన బేనీషా, కోస్తే లోపల తెల్లపురుగులు. కింద "ఇవే మామా ఫ్రూట్ ఫ్లైస్. మందు తెచ్చేశా, రేపు తోటంతా కొట్టిస్తా" అని రాశావు. ఆ డబ్బా మూత ఇంకా తీయకపోతే తీయొద్దు. ఫోన్లో చెబితే సగం విని "సరే మామా" అంటావు, అందుకే కూర్చుని రాస్తున్నా.

నువ్వు ఫోటో తీసిన ఈగ వేరు, నీ కాయల్ని పాడు చేసిన ఈగ వేరు. ఇంగ్లీషులో రెండింటినీ ఫ్రూట్ ఫ్లై అంటారు, మనమూ పండు ఈగ అనేశాం. చిక్కంతా అక్కడే. ముప్పై ఏళ్లు తిరుపతిలో ఇంటర్ పిల్లలకి జువాలజీ చెప్పాను. వర్గీకరణ అంటే పరీక్ష కోసం బట్టీ పట్టే చాప్టర్ అనుకునేవాళ్లు వాళ్లు. తోట చేసేవాడికి అది డబ్బు మిగిల్చే చాప్టర్ రా.

అసలు ఈగ అంటే ఏదో ముందు తెలుసుకో. మన భాష ఇక్కడ కాస్త మోసం చేస్తుంది. తేనెటీగ, కందిరీగ, తూనీగ, అన్నిటి పేర్లలోనూ ఈగ ఉంది, ఒక్కటీ ఈగ కాదు. వాటికి నాలుగేసి రెక్కలు. దోమ పేరులో ఈగ లేదు, అది మాత్రం ఈగల వర్గమే. జంతురాజ్యంలో కీళ్లకాళ్లున్న వాటిని ఆర్థ్రోపోడా అన్నారు, అందులో ఆరు కాళ్లవి కీటకాలు, వాటిలో రెండే రెక్కలున్నవి డిప్టెరా. వెనక జత రెక్కలు పోయి, వాటి చోట గుండుసూది తలల్లాంటి రెండు బుడిపెలు మిగిలాయి. హాల్టేర్లు అంటారు. ఎగిరేటప్పుడు అవీ ఆడుతూ ఒళ్లు ఎటు ఒరుగుతోందో ఈగకి చెబుతాయి. అవి లేకపోతే ఈగ తిన్నగా ఎగరలేదు. నీ ఈగలు రెండూ ఇంతవరకూ ఒకటే. ఆ తర్వాత ఇంటిపేర్లు మారిపోతాయి.

అరటిపండు మీదిది డ్రోసోఫిలా. పొడవు మూడు మిల్లీమీటర్లకి మించదు, కళ్లు ఎర్రగా ఉంటాయి. దానికి పండు కంటే పులుపు ముఖ్యం. పులిసే పండులో పెరిగే ఈస్టుని తింటుంది, అందుకే కల్లు ముంత మూత తీస్తే చాలు, ఎక్కణ్నుంచో వచ్చి వాలుతుంది. గట్టి కాయ తోలు చీల్చే పనిముట్టు మన ఇళ్లలో తిరిగే డ్రోసోఫిలాకి లేదు. నీ మామిడికి అది చేసిన ద్రోహమేమీ లేదు, పాడయ్యాక వచ్చిన చుట్టం అంతే.

పైగా చాలా చదువుకున్న ఈగ అది. 1910లో అమెరికాలో థామస్ హంట్ మోర్గాన్ అనే శాస్త్రవేత్త ఈగలు పెంచే సీసాల్లో తెల్ల కళ్ల మగ ఈగ ఒకటి కనబడింది. ఆ కంటి రంగు ఏ క్రోమోజోము మీద కూర్చుందో తేల్చి, క్రోమోజోముల మీద ఆయన చేసిన పనికి 1933లో నోబెల్ తెచ్చుకున్నాడు. 2017లో ఒంట్లోని గడియారం గురించి ఇచ్చిన నోబెల్ కూడా దీని పుణ్యమే. నాలుగే జతల క్రోమోజోములు, ఇరవై అయిదు డిగ్రీల వేడిలో పది రోజులకో తరం. ఇంతకంటే చవకైన పశువు ఏ ల్యాబుకీ దొరకదు. మేమూ కాలేజీలో రవ్వ, బెల్లం ఉడికించి సీసాల్లో పోసి, దూది బిరడా పెట్టి పెంచేవాళ్లం. ఒకసారి లెక్కపెట్టడానికని ఈథర్ పట్టించి నేను మాటల్లో పడ్డాను. చూసేసరికి అన్నిటి రెక్కలూ పైకి నిలబడి ఉన్నాయి. మత్తులో ఉన్న ఈగ రెక్కలు ఒంటి మీదే ఉంటాయి, నిలబడ్డాయంటే పోయినట్టే. రెండు నెలల పని అది.

ఇక తోటలోది. దాని పేరు బాక్ట్రోసెరా డోర్సాలిస్, కుటుంబం టెఫ్రిటిడే. ఇంటి ఈగంత ఉంటుంది, కాస్త సన్నం. వీపు మీద రెండు పసుపు చారలు, కడుపు మీద నల్లటి టీ అక్షరం. దూరం నుంచి చూస్తే చిన్న కందిరీగ అనిపిస్తుంది. ఆడదాని వెనక సూదిమొన ఉంటుంది. పక్వానికి వస్తున్న మంచి కాయని ఎంచుకుని, ఆ మొనతో తోలు కింద గుడ్లు పెట్టి పోతుంది. పైకి కనబడేది చిన్న చుక్క, కొన్నిసార్లు దాని మీద జీడి బొట్టు. రెండు రోజుల్లో గుడ్లు పగిలి పురుగులు గుజ్జులోకి దిగుతాయి. మండీకి తీసుకుపోయి అక్కడ కోసిన కాయలో ఒక్క పురుగు కదిలిందంటే ట్రాక్టరు లోడు మొత్తానికి రేటు పడిపోతుంది. ఎగుమతి సంగతి ఇంకా అన్యాయం. 2014 మే 1 నుంచి కొన్నాళ్లు యూరోపు వాళ్లు మన దేశపు మామిడి మొత్తాన్ని ఆపేశారు, ఈ కుటుంబపు ఈగల వల్లే.

కాబట్టి రేపు ఉదయం చేయాల్సింది ఇది. రాలిన కాయలు పది ఏరి, కోసి, పురుగు ఎక్కడుందో చూడు. గుజ్జులో ఉండి, కాళ్లూ తలా లేకుండా, ఒక కొస సన్నగా, ఆ కొసన రెండు నల్ల కొక్కేలు కనబడితే ఈగ పిల్ల. అరచేతిలో వేసుకో, విల్లులా వంగి ఎగిరి దూకుతుంది. టెంకలో ఉంటే అది టెంక పురుగు, పెంకుపురుగుల జాతి. కాళ్లున్న గొంగళిలాంటిది కనబడితే కాయతొలుచు పురుగు, రెక్కల పురుగు పిల్ల. ఈ రెండింటికీ ఈగల్ని పట్టే ఎర బుట్ట కడితే బుట్ట ఖర్చు దండగ. అనుమానంగా ఉంటే పెద్ద సీసాలో నాలుగు వేళ్ల మందాన ఇసుక పోసి, పురుగున్న కాయ ముక్క అందులో పెట్టి, మూతికి పల్చటి గుడ్డ కట్టు. పురుగులు ఇసుకలోకి దిగి గోధుమ గింజల్లా మారతాయి. రెండు మూడు వారాల్లోపు ఈగలు బయటికొస్తాయి. అప్పుడు పసుపు చారలు నువ్వే చూసుకో.

ఈగే అని తేలిందనుకో, కాయలోకి పోయిన పురుగు దాకా పైన కొట్టిన మందు మామూలుగా చేరదు. అందుకే నీ డబ్బా వద్దన్నాను. రాలిన కాయల్ని రోజూ ఏరించు. పెంట దిబ్బ మీద వేయించకు, అది వాటికి పురిటిల్లు. రెండడుగుల లోతు గుంతలో పూడ్పించు, లేదా ప్లాస్టిక్ సంచిలో కట్టి ఎండలో పడేయించు. చెట్ల కింద మట్టిని పైపైన కదిలిస్తే లోపల గోధుమ గింజల్లా మారి ఉన్న పురుగులు ఎండకీ కోళ్లకీ పోతాయి.

ఇక ఎర. మిథైల్ యూజినాల్ అనే వాసనకి ఈ జాతి మగ ఈగలు చాలా దూరాన్నుంచి కూడా వస్తాయి. 1915లోనే హౌలెట్ అనే ఆయన మన బీహార్‌లోని పూసాలో కనిపెట్టిన సంగతి ఇది. మన తులసిలో కూడా ఆ వాసన ఉంది. నమ్మకపోతే గుప్పెడు ఆకు నలిపి చెట్టు కొమ్మకి వేలాడదీసి పక్కన నిలబడు. నేను మా పెరట్లో చూశాను, పావుగంటలో మూడు వచ్చి ఆకుని నాకుతూ కూర్చున్నాయి. మీ అత్త మాత్రం కోటలో తులసి తుంచినందుకు సాయంత్రం దాకా సణిగింది.

బజార్లో ఎర బుట్టలు రెడీగా దొరుకుతాయి. ఎకరానికి ఎన్ని, ఎన్ని రోజులకి ఎర మార్చాలి అన్నది మీ ఉద్యాన అధికారిని అడిగి చెయ్యి. ఒక్కటి గుర్తుపెట్టుకో, బుట్టలో పడేవన్నీ మగవే. ఇప్పుడు వానలు మొదలయ్యాక కడితే బుట్ట నిండుతుంది, నువ్వు ఫోటో పెట్టుకుంటావు, ఈలోపు కలిసిపోయిన ఆడవి నీ నీలం రకం కాయల మీద గుడ్లు పెడుతూనే ఉంటాయి. కాయ కోతకి రెండు నెలల ముందే కట్టాలి. అదీ నువ్వొక్కడివే కడితే లాభం తక్కువ. దామలచెరువు దాకా తోటకి తోట ఆనుకునే ఉందాయె, ఈగకి గట్టు తెలీదు. పక్క తోటాయనతో నీకు నీళ్ల తగాదా ఉందని తెలుసు. అయినా వెళ్లి అడుగు, బుట్టలు కలిసి కొనండి. తోతాపురి తోలు మందం, దానికి కాస్త ధీమాగా ఉండొచ్చు. బేనీషా, నీలం విషయంలో మాత్రం కాయ చెట్టు మీదే మగ్గేదాకా ఆగకు.

అక్క పెరట్లో కాకర పాదుకి కూడా ఇదే బుట్ట కడదామని అనుకుంటావేమో. కాకర, బీరల మీద వాలేది ఇంకో ఈగ, దానికి మిథైల్ యూజినాల్ పట్టదు. క్యూ లూర్ అనే వేరే ఎర అడిగి తెచ్చుకో.

వంటింటి ఈగలకి మందే అక్కర్లేదు. మగ్గిన పండ్లు తీసేసి, గ్లాసులో కాస్త వెనిగర్, రెండు చుక్కలు గిన్నెలు తోమే లిక్విడ్ వేసి పెట్టు.

ఆదివారం పాకాల దాకా రైల్లో వస్తాను, బండి తీసుకుని స్టేషన్‌కి రా. సీసా పెట్టి ఉంటే కదపొద్దు, నీడలో ఉంచు. మీ అత్త అక్కకి ఊరమిరపకాయలు పంపుతోంది.

ఇట్లు,
మీ మామ